మెట్టు మీది రీడింగు

మా ఆఫీసు తయారుచేసిన ఒక రిపోర్టు చివరి పేజీల్లో, ఒక పట్టిక కింద, చిన్న అక్షరాలతో ఒక వాక్యం ఉంది. "ఈ రెండు సీజన్ల కొలతల్లో సర్వేయర్ పొరపాటు గుర్తించి సరిచేయడమైనది." ఆ సర్వేయర్ నా భర్త. ఆ వాక్యం టైపు చేసింది నేను. ఆయన పోయి రెండేళ్లు దాటింది. ఆయన కోసం నేను చేయగలిగింది ఇంకా ఏదైనా మిగిలి ఉంటే అది ఆ వాక్యాన్ని తీయించడమే.

ఆఫీసు పంజాగుట్ట చౌరస్తా వెనక వీధిలో, ఒక కళ్లద్దాల షాపు పైన మూడో అంతస్తు. ఇసుక తీరాలు ఏళ్ల తరబడి ఎలా మారతాయో కంప్యూటర్‌లో లెక్కగట్టి, ఫలానా గీతకు సముద్రం వైపు ఏమీ కట్టొద్దని మ్యాపు మీద గీసివ్వడం మా పని. మా నాన్న సనత్‌నగర్‌లో ఒక వర్క్‌షాపులో లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. నా ఉద్యోగం గురించి ఎంత చెప్పినా ఆయనకు ఒకే అనుమానం. "గీ లెక్కలన్నీ ట్యాంక్‌బండ్ కోసమా బిడ్డా?" అని అడిగాడు. నా భర్త కోస్తా మనిషి. ఆ మాట విన్న రోజు నుంచి నన్ను ట్యాంక్‌బండ్ సైంటిస్టు గారూ అనే పిలిచేవాడు. పెళ్లయ్యేదాకా నేను సముద్రం చూడలేదన్నది ఆయనకు తరగని వేళాకోళం.

నేను నడిపే మోడల్ గురించి చెప్పడం కష్టమేమీ కాదు. అలల బలం పెరిగితే ఒడ్డు మీది ఇసుక లోపలికి పోయి నీళ్ల కింద దిబ్బగా పడుతుంది. అలలు నెమ్మదించిన నెలల్లో మెల్లగా తిరిగి వస్తుంది. పోవడానికి రెండు రోజులు చాలు, రావడానికి నెలలు పడుతుంది. అన్ని ఏళ్లూ ఒకేలా ఉండవు. ఎక్కడో పసిఫిక్‌లో నీళ్లు వేడెక్కిన ఏడు మన బంగాళాఖాతం ఒక తీరుగా ఉంటుంది, చల్లబడిన ఏడు ఇంకో తీరుగా ఉంటుంది. ఒక ఏడు ఒక్క తుఫాను కూడా రాదు. మరో ఏడు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. మొదటిది తీసుకుపోయిన ఇసుక వెనక్కి రాకముందే రెండోది వచ్చి పడుతుంది. తీరం దెబ్బతినేది అలాంటి ఏళ్లలో. సగటు చూస్తే ఆ ఏళ్లు కనపడవు. మోడల్‌కు ఇవన్నీ ముందే తెలియవు. ఏ నెలలో ఒడ్డు ఎంత ఎత్తున ఉందో కొలిచి ఇస్తే, ఏ అలకు ఎంత ఇసుక పోతుందో, ఎన్నాళ్లకు తిరిగొస్తుందో దాన్నుంచి నేర్చుకుంటుంది. తప్పు కొలత ఇస్తే తప్పే నేర్చుకుంటుంది. ఎంత నమ్మకంగా నిజం చెబుతుందో అంతే నమ్మకంగా తప్పూ చెబుతుంది.

కొలిచేది ఆయన. ఏడాదికి నాలుగుసార్లు రైలెక్కి, తీరం మీద ఒక పల్లెకు వెళ్లి, రోడ్డు పక్కన పాతిన ఒక రాయి నుంచి మొదలుపెట్టి నీళ్లలో నడుములోతు దాకా ఎత్తులు కొలుచుకుంటూ పోయేవాడు. ఆ రాయి ఎత్తు ఎంతో ముందే తెలుసు కాబట్టి మిగతావన్నీ దాన్నుంచి లెక్కకొస్తాయి. పెళ్లయిన కొత్తలో ఒకసారి నన్నూ తీసుకెళ్లాడు. అంకెల స్టాఫ్ కర్ర నా చేతికిచ్చి, ఆయన లెవెల్ యంత్రంలోంచి చూస్తూ, నిటారుగా పట్టుకో, అటు కాదు, ఇటు అని అరుస్తుంటే పల్లె పిల్లలంతా నవ్వారు. అన్నీ అయ్యాక, చేపలకు ఐసు అమ్మే షెడ్డు ముందున్న సిమెంటు మెట్టు మీద కర్ర పెట్టమన్నాడు. ఒడ్డు అయిపోయింది కదా, ఇదెందుకు అన్నాను. మెట్టు పెరగదు, తరగదు, దాని ఎత్తు ప్రతిసారీ ఒకటే రావాలి, తేడా వస్తే నేనే ఎక్కడో తప్పు చేశానని అర్థం అన్నాడు. మరి ఆఫీసు ఫామ్‌లో దీనికి గడి లేదే అన్నాను. లేదు, ఇది నా పుస్తకంలో రాసుకోవడానికి అన్నాడు.

ఆ మెట్టు మీద కర్ర పట్టుకుంది నా ఈ చేతులే. ఆ సంగతి నాకు ఆరేళ్లపాటు గుర్తు రాలేదు.

మా ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. ఒక సీజన్ కొలతలు మొదటి నుంచి చివరి దాకా మిగతా సీజన్ల కంటే ఒకే తేడాతో కిందికి పడితే, సర్వేయర్ తప్పు రాయి మీంచి లెక్క మొదలుపెట్టాడని అనుకుంటాం. ఆ తేడా మేరకు మొత్తాన్నీ పైకి జరుపుతాం. దాన్ని ఎత్తడం అంటారు. నాకు ముందున్నవాళ్లు ఎత్తారు. నేనూ వేరే తీరాల్లో ఎత్తాను. చాలాసార్లు అది సరైన పనే. ఆ పల్లెలో రెండు రాళ్లున్నాయి, ఒకటి పాతది, ఒకటి కొత్తది. వాటి ఎత్తుల మధ్య తేడా మీటరుకు కాస్త పైన. ఒక ఏడు తుఫాన్లు వరుసగా వచ్చాయి. ఆ వానాకాలం చివర్లోనూ, దాని తర్వాతి సీజన్‌లోనూ ఆయన తెచ్చిన కొలతలు దాదాపు సరిగ్గా అంతే కిందికి ఉన్నాయి. చూడగానే నాకు సంగతి అర్థమైందనుకున్నాను.

అప్పటికి మేం అమీర్‌పేటలో, ఇప్పుడు నేనొక్కదాన్నే ఉంటున్న ఈ ఇంట్లోనే ఉన్నాం. ఒక ఆదివారం పొద్దున ఆయన బాల్కనీలో కూర్చుని బూట్లలో ఇసుక దులుపుతున్నాడు. నేను గుమ్మంలో నిలబడి అడిగాను.

"పాత రాయి పట్టుకున్నవా?"

"లేదు."

"జర యాది చేసుకో. రెండు రాళ్ల నడుమ ఎంతుందో గంతే దిగింది."

"రెండుసార్లూ కొత్త రాయే. పుస్తకం చూడు."

"ఫామ్ చూసిన గద."

"ఫామ్ కాదు. పుస్తకం."

పుస్తకం అటక మీద ఉంది, స్టూలు వేసుకుంటే అందుతుంది. నాకు ఆ వారం చివరికి రిపోర్టు ఇవ్వాలి. సోమవారం ఆఫీసుకు వెళ్లి రెండు సీజన్లనూ ఎత్తాను. గ్రాఫులో అన్ని సీజన్ల వంపులూ ఒకదాని మీద ఒకటి చక్కగా కూర్చున్నాయి. చూడ్డానికి బాగుంది. మోడల్ ఆ రాత్రంతా నడిచి, ఆ తీరం ఎంత తుఫానుకైనా మరీ లోతుగా దిగిపోదని నేర్చుకుంది. నేర్పింది నేను. గీత ఐసు షెడ్డుకు చాలా ముందు, సముద్రం వైపు పడింది. షెడ్డు, దాని ముందున్న జాగా భద్రం అని తేలింది.

మా మేనేజరు శ్రీనగర్ కాలనీలో ఉంటారు, ఎవరితోనూ గొంతు పెంచి మాట్లాడరు. ఎత్తినప్పుడు పట్టిక కింద కారణం రాయాలి, అది నియమం. మీరే రాయండమ్మా, మీరైతే సున్నితంగా రాస్తారు అన్నారు. రాశాను. ఆ సాయంత్రం ఇంట్లో ఆయనకు చెప్పాను కూడా. ఆయన ఊఁ అని, అన్నం పెట్టమన్నాడు.

మరుసటి ఎండాకాలానికి ఇసుక తిరిగొచ్చింది. ఆయన తెచ్చిన కొత్త కొలతలు పాతవాటితో కలిశాయి. తుఫాన్లు లేని ఏడు అలాగే జరుగుతుంది. మా మోడల్ చెప్పేది కూడా అదే. కానీ ఆఫీసులో అందరికీ అది ముందటేడు తప్పుకు రుజువులా కనిపించింది. మీటింగులో మేనేజరు గారు తెర వైపు చూసి, "ఈసారి రాయి కరెక్టుగానే దొరికినట్టుందండీ" అన్నారు. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. నేనూ నవ్వాను. చెడ్డ మాటేమీ కాదు, ఆఫీసులో రోజూ అనుకునేలాంటిదే. ఆ తర్వాత ఆయన్ను తీరానికి పంపడం తగ్గింది. సనత్‌నగర్ ఫ్యాక్టరీల వెనక మురుగు నాలా లోతు కొలిచే పని ఇచ్చారు. పదిహేనేళ్లు సముద్రం కొలిచిన మనిషికి నాలా ఏమిటని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. సాయంత్రం ఇంటికి రాగానే నాలా వాసన పోయేదాకా చేతులు రుద్దుకునేవాడు. రాయి గురించి గానీ పుస్తకం గురించి గానీ మళ్లీ ఎత్తలేదు.

ఒక మంగళవారం పొద్దున బూట్ల తాడు కట్టుకుంటూ పక్కకు ఒరిగిపోయాడు. ఆసుపత్రికి చేరేసరికే అయిపోయిందన్నారు. పంజాగుట్ట శ్మశానంలోనే చేశాం. ఆఫీసుకు దగ్గర కాబట్టి అందరూ నడిచొచ్చారు, లంచ్ అయ్యేలోగా వెళ్లిపోయారు. చాలా నెమ్మదస్తుడమ్మా, ఎప్పుడూ ఎదురు చెప్పేవాడు కాదు అన్నారు మేనేజరు గారు. ఓదార్పుగానే అన్నారు. పదకొండో రోజు దాటాక నేను మళ్లీ డ్యూటీలో చేరాను. మెట్రోలో అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు ఒక్క స్టేషన్. కూర్చోవడానికి కూడా టైముండదు.

దుఃఖం గురించి నాకు రాయాలని లేదు. దాని మీద చదవాల్సినవి చాలా చదివాను. అందంగా ఉన్నవేవీ పనికి రాలేదు. ఆయన ఫోను మాత్రం ఛార్జింగ్ పెట్టి ఉంచేదాన్ని. ఎందుకని అడిగితే చెప్పలేను.

ఏడాది తిరక్కుండానే మళ్లీ తుఫాన్లు వరుసకట్టాయి. రెండో తుఫాను వెళ్లిన ఆదివారం మధ్యాహ్నం ఆ ఫోను మోగింది. ఐసు షెడ్డు నడిపే ఆవిడ. సర్వేయర్ గారున్నారా అండీ అంది. లేరని చెప్పాను. ఎప్పుడొస్తారంది. చెప్పాల్సి వచ్చింది. వెనక గాలి హోరు వినిపించింది. తర్వాత మెల్లగా చెప్పుకొచ్చింది. షెడ్డు ముందు చేపలు ఆరబెట్టడానికి పోయినేడు పెద్ద సిమెంటు ప్లాట్‌ఫారం కట్టుకున్నారట. సగం పోయింది, మిగతా సగం కింద ఇసుక లేదు.

"ఆయన చెప్పారండీ," అంది. "కట్టకండి, ఇక్కడ ఇసుక ఎంత దిగిందో నేను కొలిచాను అన్నారు. అదేంటండీ, మ్యాపులో గీత ఇంకా అవతలే ఉంది కదా అన్నాను. మ్యాపు మా ఆవిడే చేసింది, అయినా కట్టకండి అన్నారు."

ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"మేం మ్యాపునే నమ్మామండీ," అంది ఆవిడ. తిట్టినట్టు అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఫోను పెట్టేసి స్టూలు వేసుకున్నాను. అటక మీద పదకొండు పుస్తకాలున్నాయి, రబ్బరు బ్యాండు వేసి. నేల మీద పరుచుకుని కూర్చున్నాను. మా కింది అంతస్తులో కోచింగ్ సెంటర్ ఉంది. ఆదివారం బ్యాచ్ నడుస్తోంది. మైకులో సారు డేటా శుభ్రం చేయడం చెబుతున్నాడు. మిగతావాటితో కలవని విలువ కనిపిస్తే ఏం చేయాలి అని అడిగాడు. తీసెయ్యాలి సార్ అని వందమంది గొంతులు ఒక్కసారిగా వినిపించాయి. వెరీ గుడ్ అన్నాడు.

ప్రతి సర్వే చివరి పేజీలో, ఆఖరి వరుసలో, ఆయన గుండ్రటి చేతిరాతలో మెట్టు అని ఉంది. పక్కన రీడింగు, దాన్నుంచి కట్టిన ఎత్తు. పుస్తకం తర్వాత పుస్తకం అదే ఎత్తు, ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ. ఆ రెండు సీజన్లలోనూ అంతే. ఆయన పాత రాయి పట్టుకుని ఉంటే మెట్టు కూడా ఒడ్డుతో పాటు మీటరు కిందికి దిగిపోవాలి. మెట్టు దిగలేదు. ఒడ్డు దిగింది. నేను కర్ర పట్టుకున్న రోజు పేజీ కూడా దొరికింది. మెట్టు పక్కన, స్టాఫ్ పట్టింది ట్యాంక్‌బండ్ సైంటిస్ట్ అని రాసి ఉంది.

సోమవారం నుంచి ఎవరికీ చెప్పకుండా పని మొదలుపెట్టాను. రెండు సీజన్లనూ దించి వాటి అసలు చోట పెట్టాను. మోడల్ మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంది. వరుస తుఫాన్ల ఏళ్లు రెండు కలిసి వస్తే ఒడ్డు ఎంత లోతుకు పోతుందో, తేరుకోవడానికి ఎంతకాలం కావాలో ఇప్పుడు దానికి తెలుసు. గీత వెనక్కి జరిగింది. షెడ్డుకు వెనక్కి, రోడ్డుకూ వెనక్కి. మ్యాపులు గీసే అతను నా పక్క సీట్లోనే కూర్చుంటాడు, కృష్ణానగర్ నుంచి వస్తాడు, నన్ను అక్కా అంటాడు. ప్రింటు తీయమంటే గీత ఎక్కడ పడిందో చూశాడు.

"గిది ఇస్తే మొత్తం మారుతది అక్కా. గీత గీసుడు నా పని. యాడ గీయాల్నో సార్ చెప్పాలె," అన్నాడు. ఆ తర్వాత అడక్కుండానే రెండు కాపీలు తీశాడు, రంగులో.

మేనేజరు గారు పుస్తకాలన్నీ ఓపిగ్గా చూశారు. తెలివైనవారు, మెట్టు సంగతి సగం చెప్పేసరికే అర్థమైంది. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"మీరు చెప్పేది కరెక్టేనమ్మా. కానీ ఆ వాక్యం తీసేస్తే ఆ రెండు సీజన్లూ నిజమవుతాయి. అవి నిజమైతే మనం ఇచ్చిన గీత తప్పవుతుంది. ఆ గీత చూసుకుని జనం కట్టుకున్నారు." కళ్లద్దాలు పెట్టుకుని అన్నారు. "పోయిన మనిషికి ఇప్పుడేం తేడా పడుతుంది చెప్పండి."

"తేడా పడకపోతే తీసెయ్యండి సార్," అన్నాను.

ఆయన ఆలోచిద్దాం అన్నారు. మూడుసార్లు ఉత్తరం రాశాను. మూడింటికీ మర్యాదగా జవాబొచ్చింది, ఆమోదించిన రిపోర్టులో మార్పులు వీలుపడవని. మూడో జవాబు కింద, మీ వ్యక్తిగత బాధను అర్థం చేసుకోగలం అని ఒక వాక్యం కలిపారు. అంటే నేను భార్యను కాబట్టి ఇలా మాట్లాడుతున్నానని. పొరపాటు అని రాసిన రోజు కూడా నేను ఆయన భార్యనే. ఆ రోజు అది ఎవరికీ అడ్డు రాలేదు.

ఆ తర్వాత జరిగింది మామూలే. ఆ తీరానికి గీత మళ్లీ గీయమని పని మాకే వచ్చింది. కొత్త గీత నా ప్రింటులో పడ్డచోటే పడింది, ఎందుకంటే నడిపింది నా మోడలే. రిపోర్టులో మాత్రం, ఇటీవల వాతావరణంలో వచ్చిన అనూహ్య మార్పుల దృష్ట్యా గీతను సవరించడమైనది అని రాశారు. అనూహ్యం అన్నమాట. ఒక మనిషి దాన్ని రెండుసార్లు కొలిచి తెచ్చాడు. తప్పు వాతావరణం మీదికి పోయింది, ఆఫీసులో ఎవరి మీదా పడలేదు. ఆయన మీద తప్ప. పాత పట్టికను కొత్త రిపోర్టు వెనక యథాతథంగా జతచేశారు, కింద నా వాక్యంతో సహా. నేను మార్చగలిగింది ఒక్కటే. కొత్త గీత కోసం మోడల్‌కు ఇచ్చిన అంకెల్లో ఆ రెండు సీజన్లూ ఎత్తకుండా ఉన్నాయి. రెంటినీ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లకు తెలుస్తుంది. అలా చూసేవాళ్లు ఉండరు.

ఇంకో మార్పు కూడా వచ్చింది. సర్వే ఫామ్‌లో చివర ఒక గడి చేర్చారు, తనిఖీ రీడింగు అని. నాణ్యత పెంచడానికి తీసుకున్న చర్యల్లో దాన్ని మొదట చూపించారు. మీటింగులో ఆ స్లైడు వచ్చినప్పుడు మేనేజరు గారు నా వైపు చూడలేదు.

పోయిన నెలలో కొత్త సర్వేయర్ నుంచి మొదటి ఫామ్ వచ్చింది. నలభై దాటిన మనిషి, జాగ్రత్త ఉన్నవాడు. ఆ గడిలో మెట్టు లేదు అని రాశాడు. అక్కడ అంకెలు తప్ప అక్షరాలు ఎక్కవు, కంప్యూటర్ ఎర్రగా చూపించి వెనక్కి పంపింది. ఫోన్ చేశాను. షెడ్డు వెనక గోడ ఒక్కటే నిలబడి ఉంది మేడం, ముందు భాగం లేదు, ఏం రాయమంటారు అన్నాడు. ఖాళీ వదిలేయమన్నాను. వచ్చేసారి నుంచి గోడ మీద ఒక గుర్తు పెట్టుకుని దాన్ని కొలవమన్నాను. ఐసు అమ్మే ఆవిడ ఎక్కడున్నారని అడిగాను. తెలియదన్నాడు.

కొత్త సర్వేయర్ పంపిన కొలతలు మిగతావాటి కంటే మీటరుకు పైగా కిందికి ఉన్నాయి, మొదటి నుంచి చివరి దాకా, ఒకే తేడాతో. తెర మీద చూసి పక్క సీట్లో అతను అడిగాడు.

"ఎత్తుదమా అక్కా?"

"వద్దు," అన్నాను.

పట్టిక కింద కారణం రాసే చోట, "కొలత సరైనదే. తీరం దిగింది," అని టైపు చేశాను. మేనేజరు గారు చదివి సంతకం పెట్టారు, ఒక్క మాట కూడా అడగలేదు. కొత్త సర్వేయర్‌ను నేను ఇంతవరకు చూడలేదు. నా భర్త కొలతల కింద ఈ మాటలే రాయడానికి ఆయన బాల్కనీలో బూట్లు దులుపుకున్న ఆ ఆదివారం నాకు ఎవరి సంతకమూ అక్కర్లేకపోయేది. స్టూలు వేసుకుంటే సరిపోయేది.